నత్తల ఏటి రబ్బరు, చలినీళ్ళ చొక్కా

విదేశాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ళ పిల్లలు ఇప్పుడు కూచిపూడి, చదరంగం దగ్గర ఆగిపోవడం లేదు. సియాటిల్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో, ఇంగ్లండు దక్షిణ తీరంలోనో, సెలవులు రాగానే చిన్న తెరచాప పడవలు నడపడం నేర్పే తరగతుల్లో చేరుతున్నారు. చేరగానే క్లబ్బువాళ్ళు తెచ్చుకోవలసిన సామాన్ల జాబితా ఒకటి చేతిలో పెడతారు. అందులో వెట్‌సూట్ తప్పకుండా ఉంటుంది. సరే కదా అని కొట్టుకు వెళితే, గోడ పొడుగునా వేలాడే నల్లటి రబ్బరు చొక్కాలు. వాటి మీద 3/2, 4/3, 5/4 అని చిన్నప్పటి లెక్కల పుస్తకంలో భిన్నాల్లాంటి అంకెలు. ఒకదానికి, పక్కదానికి ధరలో మూడు నాలుగు రెట్ల తేడా. మన ఇళ్ళల్లో ఎవరికీ అలవాటు లేని బట్ట. ఏది కొనాలి?

కొట్టువాడు అయిదు నిమిషాల్లో జవాబు చెప్పగలడు. ఆ జవాబు నేనూ చెప్తాను. కానీ ఆ చొక్కా వెనక నూటయాభై ఏళ్ళ కథ ఉంది. ఆ కథ దారి మలేసియాలో, సముద్రం కంటికి ఆనని ఒక చిన్న ఊరి గుండా పోతుంది. ఆ ఊరి పేరు సుంగై సిపుట్. మలయ్ భాషలో సుంగై అంటే ఏరు, సిపుట్ అంటే నత్త. నత్తల ఏరు అన్నమాట. కొట్టువాడికి ఆ ఊరు తెలియనక్కరలేదు. మనం తెలుసుకోవడానికి మాత్రం కారణం ఉంది.

ముందు చొక్కా సంగతి.

వెట్‌సూట్ మనల్ని తడవకుండా కాపాడదు. పేరులోనే తడి ఉంది. లోపలికి కాసిని నీళ్ళు వస్తాయి, ఒంటికీ రబ్బరుకీ మధ్య పలచగా నిలుస్తాయి, ఒంటి వేడికి కాస్త వెచ్చబడతాయి. అయితే చలిని ఆపేది ఆ నీళ్ళు కాదు, రబ్బరులో ఉన్న గాలి. వెట్‌సూట్ రబ్బరు నురుగులాంటిది. అందులో ఒకదానితో ఒకటి కలవని కోటానుకోట్ల బుడగలు ఉంటాయి. వాటిలో చిక్కుకున్న వాయువు ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. గాలి కన్నా నీళ్ళు మన ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. ఇరవై డిగ్రీల గాలిలో హాయిగా తిరిగే మనిషి ఇరవై డిగ్రీల నీళ్ళలో వణికిపోవడానికి కారణం అదే.

కనుక మొదటి సూత్రం: ఎండని చూసి కాదు, నీళ్ళని చూసి కొనాలి. సియాటిల్‌లో ఆగస్టు ఎండ ఎంత కాసినా, పక్కనున్న ప్యూజెట్ సౌండ్ నీళ్ళు చాలాచోట్ల పన్నెండు, పదమూడు డిగ్రీలు దాటవు. అంత చల్లటి నీళ్ళలో హఠాత్తుగా పడ్డ మనిషికి మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది. నోరు తెరిచి ఎగశ్వాస పీలుస్తాడు. ఆ క్షణంలో తల నీళ్ళ కింద ఉంటే కథ ముగిసినట్టే. ఆ నిమిషం గడిస్తే తర్వాత కొన్ని నిమిషాల్లో వేళ్ళు మొద్దుబారతాయి, తాడు పట్టు దొరకదు, పడవ అంచు పట్టుకుని పైకి ఎక్కలేడు. ఒళ్ళంతా చల్లబడి స్పృహ తప్పడం ఆ తరవాతి మాట. చలి చంపుతుంది అనుకుంటాం కానీ, చాలామంది చలి ఒంట్లో పూర్తిగా దిగకముందే మునిగిపోతారు. అందుకే వెట్‌సూట్ ఉన్నా లేకపోయినా తేలియాడే జాకెట్టు తప్పనిసరి, అదీ పైన. ఒకటి ఉంది కదా అని రెండోది మానకూడదు.

రెండో సూత్రం మందం. 3/2 అంటే ఛాతీ, వీపు దగ్గర 3 మిల్లీమీటర్లు, చేతులు కాళ్ళ దగ్గర 2. నీళ్ళు పదిహేను నుంచి పద్దెనిమిది డిగ్రీలుంటే 3/2 సరిపోతుంది. పది నుంచి పద్నాలుగైతే 4/3 లేదా 5/4. పది కన్నా తక్కువైతే వెట్‌సూట్ మాట మరచిపోయి, నీళ్ళు అసలు లోపలికి రానివ్వని డ్రైసూట్ కొనుక్కోవడం మంచిది. మందం పెరిగే కొద్దీ వెచ్చదనమూ పెరుగుతుంది, కదలికా తగ్గుతుంది. తెరచాప తాడు లాగుతూ, అటూ ఇటూ వంగుతూ, పడవ అంచు మీద కూర్చునే వాడికి భుజాలు, మోకాళ్ళు స్వేచ్ఛగా ఆడాలి. అందుకే చాలామంది చేతుల్లేని వెట్‌సూట్ వేసుకుని, పైన గాలిని ఆపే పలచటి చొక్కా తొడుక్కుంటారు.

ఇక్కడే సర్ఫింగ్ చేసేవాడికీ పడవ నడిపేవాడికీ తేడా. సర్ఫరు నీళ్ళలోనే ఉంటాడు. పడవవాడు తడిసి, పైకి వచ్చి, గాలికి కూర్చుంటాడు. బయటివైపు నైలాను గుడ్డ అంటించిన రబ్బరు తడిని పట్టి ఉంచుతుంది, గాలికి ఆ తడి ఆరుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడే పద్ధతే ఇది. గుడ్డ లేని నున్నటి రబ్బరు గాలికి మేలు, కానీ గోరు తగిలినా చిరుగుతుంది. అందుకని ఛాతీ దగ్గర నున్నగా, మోకాళ్ళ దగ్గర, కూర్చునే చోట మందపు అతుకులతో ఉన్నది చూసుకోవాలి. కుట్లు కూడా చూడాలి. సూది రబ్బరుని అవతలికి పొడిచిన కుట్టులోంచి నీళ్ళు కారతాయి. జిగురుతో అతికించి, సూది సగం లోతు వరకే దిగేలా కుట్టినది కారదు. ధరలో తేడా చాలావరకు ఈ కుట్టులోనే ఉంది.

చివరిది, మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పవలసింది: పిల్లలు ఎదుగుతారు, రెండేళ్ళు వస్తుంది అని ఒక సైజు పెద్దది కొనకండి. పండగ బట్టలకి పనికొచ్చే తెలివి ఇక్కడ పనికిరాదు. నడుము వెనకా చంకల కిందా ఖాళీ ఉంటే కదిలినప్పుడల్లా కొత్త చన్నీళ్ళు లోపలికి వస్తాయి, వెచ్చబడ్డవి బయటికి పోతాయి. సరిగ్గా పట్టేసే పాత వెట్‌సూట్, వదులుగా ఉండే కొత్తదాని కన్నా నయం. పాతది కొనేటప్పుడు రబ్బరు వంచి చూడండి. గట్టిపడి, మడతల దగ్గర పగుళ్ళు కనిపిస్తే వదిలేయండి.

కొట్టువాడి జవాబు ఇక్కడితో అయిపోయింది. ఇప్పుడు ఆ రబ్బరు గురించి.

ఈ చొక్కాల్లో ఎక్కువ భాగం నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేస్తారు. అది చెట్టు నుంచి రాదు, ప్రయోగశాలలో పుట్టింది. మరి దానికీ రబ్బరు తోటలకీ సంబంధం ఏమిటంటారా? అటువంటి పదార్థం కావాలన్న ఆరాటం తోటల ధరల నుంచే పుట్టింది.

1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు అమెజాన్ అడవుల నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలు లండన్‌లోని క్యూ తోటకి చేర్చాడు. మొలిచినవి రెండువేల పైచిలుకు. వాటిలోంచి 22 మొక్కలు 1877లో సింగపూరుకి వచ్చాయి. ఆ మొక్కల్లో కొన్నింటిని పెరాక్ రాష్ట్రంలో బ్రిటిష్ రెసిడెంటు హ్యూ లో, క్వాలా కాంగ్సార్‌లో తన బంగళా తోటలో నాటించాడు. సుంగై సిపుట్ అదే జిల్లాలో ఉన్న ఊరు. ఆనాటి చెట్టని చెప్పే ముసలి రబ్బరు చెట్టు ఒకటి క్వాలా కాంగ్సార్‌లో జిల్లా కార్యాలయం దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత సింగపూరు వృక్షోద్యానాన్ని నడిపిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా బెరడుని పలచగా గీసి పాలు తీసే పద్ధతి కనిపెట్టాడు. రబ్బరు నాటండి అని కనిపించిన దొరకల్లా చెప్పేవాడు. వాళ్ళు ఆయన్ని పిచ్చి రిడ్లీ అనేవారు. కార్లు వచ్చాయి, టైర్లు కావలసి వచ్చాయి, పిచ్చివాడి మాటే నిజమైంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఇరవై ఏళ్ళలో పెరాక్ కొండవాలుల్లో అడవులు కొట్టి రబ్బరు వేశారు.

చెట్లు నాటితే చాలదు, గీసే చేతులు కావాలి. ఆ చేతుల్ని తెచ్చినవాడు కంగాణి. కంగాణి అంటే తోటలో మేస్త్రీ. దొర అతన్ని సొంతూరికి పంపి, తెలిసినవాళ్ళని, చుట్టాలని తీసుకురమ్మనేవాడు, తలకింతని ముట్టజెప్పేవాడు. వచ్చినవాళ్ళలో చాలామంది తమిళులు. సుంగై సిపుట్ చుట్టుపక్కలా వాళ్ళదే ఎక్కువ పాలు. తెలుగువాళ్ళు, ముఖ్యంగా విశాఖపట్నం వైపు ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, పెరాక్ దక్షిణాన బాగాన్ దాతో దగ్గర కొబ్బరి తోటల్లో ఎక్కువగా కుదురుకున్నారు. రబ్బరు తోటల్లోనూ ఉన్నారు. ఈనాడు మలేసియాలో ఉన్న తెలుగువాళ్ళలో చాలామంది ఆ తోటల మనుమలూ మునిమనుమలే. వాళ్ళ సంఘం 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైంది.

రబ్బరు గీత పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండెక్కితే పాలు కారడం తగ్గిపోతుంది. దీపం వెలుగులో ఒక్కో మనిషి కొన్ని వందల చెట్లు గీయాలి. పాత గీతకి ఆనుకుని, వంపు కత్తితో, మిల్లీమీటరు చిల్లర మందాన బెరడు చెక్కాలి. ఎక్కువ లోతు దిగితే చెట్టుకి గాయమై, ఆ చోట బెరడు బుడిపెలు కడుతుంది, మళ్ళీ సరిగ్గా గీయడానికి రాదు. లోతు చాలకపోతే పాలు రావు. వెట్‌సూట్ కొట్టులో మనం మూడా నాలుగా అని మిల్లీమీటర్లు ఎంచుతాం. ఆ చెట్ల కింద మిల్లీమీటరులో తేడా ఆ రోజు కూలిలో తేడా.

ఇక ధరల కథ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రబ్బరు ధర పడిపోయింది. 1922లో బ్రిటిష్ ప్రభుత్వం మలయా, సిలోను తోటల నుంచి ఎగుమతికి కట్టు పెట్టింది. దీన్ని స్టీవెన్‌సన్ పథకం అంటారు. సరుకు తగ్గితే ధర పెరుగుతుంది కదా. పెరిగింది. 1925లో న్యూయార్కులో పౌను రబ్బరు డాలరు దాటింది. ప్రపంచంలో తయారయ్యే రబ్బరులో పెద్ద భాగం తామే వాడే అమెరికన్లకి ఒళ్ళు మండింది. తోటలతో పనిలేని రబ్బరు కావాలనుకున్నారు. నాటర్ డామ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే క్రైస్తవ సన్యాసి జూలియస్ న్యూలండ్, ఎసిటలీన్ వాయువు మీద చేసిన పని డూపాంట్ కంపెనీ కంటపడింది. ఆ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందంలో ఉన్న ఆర్నాల్డ్ కాలిన్స్ 1930 ఏప్రిల్‌లో, తన గాజుపాత్రలో సాగే ముద్ద ఒకటి గట్టిపడి ఉండడం చూశాడు. నేలకేసి కొడితే బంతిలా ఎగిరింది. అదే నియోప్రీన్.

అయితే అప్పటికే స్టీవెన్‌సన్ పథకం ఎత్తేశారు, ఆర్థిక మాంద్యం వచ్చి పడింది. డాలరు పలికిన పౌను రబ్బరు 1932 నాటికి అయిదు సెంట్ల లోపుకి దిగింది. కొత్త నియోప్రీన్ ధర డాలరు పైచిలుకు. తోట రబ్బరుతో పోటీ పడలేక చచ్చిపోవలసిన సరుకు బతికింది ఎందుకంటే, నూనె తగిలినా, ఎండకి మాడినా అది పాడవదు. కారు గొట్టాలకీ తీగల తొడుగులకీ పనికొచ్చింది. తోటల్లో మనుషులకి మాత్రం అలాంటి వేరే దారి లేకపోయింది. కూలి దాదాపు సగానికి దిగింది. మూడు నాలుగేళ్ళలో లక్షమందికి పైగా భారతీయ కూలీల్ని ఓడలెక్కించి వెనక్కి పంపేశారు.

పదేళ్ళు తిరగకుండా జపాన్ సైన్యం వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. అమెరికాకి వచ్చే చెట్టు రబ్బరు తొంభై శాతం దాకా ఆగిపోయింది. అక్కడి ప్రభుత్వం కృత్రిమ రబ్బరు కర్మాగారాల మీద డబ్బు కుమ్మరించింది. యుద్ధం ముగిసేసరికి, టైరు నుంచి తేలుడు పడవ దాకా కృత్రిమ రబ్బరుతోనే చేయగల దేశమైంది. ఇటు మలయాలో రబ్బరు కొనే నాథుడు లేక తోటలు మూతబడ్డాయి. పని పోయిన తమిళ, తెలుగు కూలీల్ని వేలకు వేలుగా సయాం-బర్మా రైలుదారి వేయడానికి తోలుకుపోయారు. కలరాకీ మలేరియాకీ ఆకలికీ అక్కడే పోయినవాళ్ళ లెక్క ఎవరూ సరిగ్గా రాసిపెట్టలేదు. యుద్ధఖైదీలైన సైనికులకి పేర్లతో సమాధులున్నాయి, కూలీల్లో చాలామందికి అవీ లేవు.

యుద్ధం అయ్యాక తోటలు మళ్ళీ తెరుచుకున్నాయి. కూలి కోసం సమ్మెలు, పోలీసులు, కాల్పులు. 1948 జూన్ 16 ఉదయం సుంగై సిపుట్ దగ్గర ఎల్ఫిల్ ఎస్టేటులో మేనేజరు ఆర్థర్ వాకర్‌ని అతని ఆఫీసులోనే కాల్చి చంపారు. కాసేపటికి దగ్గరలోని మరో తోటలో జాన్ ఆలిసన్‌ని, ఇయాన్ క్రిస్టియన్ అనే కుర్ర సహాయకుణ్ణి చంపారు. చంపినవాళ్ళు మలయా కమ్యూనిస్టు పార్టీ గెరిల్లాలు. రెండు రోజుల్లో దేశమంతటా అత్యవసర పరిస్థితి వచ్చింది. పన్నెండేళ్ళు సాగిన ఆ పోరుని యుద్ధం అనకుండా ఎమర్జెన్సీ అనే పిలిచారు. కార్మిక సంఘాల నోరు నొక్కేశారు. అడవి అంచుల్లో బతికే సుమారు అయిదు లక్షల మందిని, ఎక్కువగా చైనీయుల్ని, ముళ్ళకంచెల మధ్య కొత్త గ్రామాలకి తరలించారు. తోటల కూలి లైన్ల చుట్టూ కూడా కంచెలు లేచాయి. చరిత్ర పుస్తకాల్లో సుంగై సిపుట్ పేరు కనిపించేది ఈ ఒక్క ఉదయం వల్లే.

సరిగ్గా ఆ రోజుల్లోనే పసిఫిక్ అవతల వెట్‌సూట్ పుట్టింది. బర్కిలీలో భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్‌నర్, నౌకాదళపు ఈతగాళ్ళని చలి నుంచి ఎలా కాపాడాలా అని 1951 ప్రాంతంలో ఆలోచించాడు. అంతవరకూ అందరూ ఒళ్ళు పొడిగా ఉంచాలనే చూశారు. తడిసినా ఫరవాలేదు, బట్టలో గాలి బుడగలుంటే చాలు అన్నది ఆయన ఊహ. ఏ బట్ట అన్న ప్రశ్నకి నురుగు నియోప్రీన్ వాడి చూడమని విల్లార్డ్ బాస్కమ్ సలహా ఇచ్చాడు. 1952లో శాన్ ఫ్రాన్సిస్కోలో జాక్ ఓనీల్ సర్ఫ్ దుకాణం తెరిచాడు, ఆ మరుసటి ఏడు దక్షిణ కాలిఫోర్నియాలో మీస్ట్రెల్ కవల సోదరులు తమ కొట్టు పెట్టారు. ఈ చొక్కా మొదట ఎవరు చేశారని వాళ్ళ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు.

ఆ వాదంలో తోటల పేరు రాదు. రావాలి అంటాను నేను. స్టీవెన్‌సన్ పథకపు ధర లేకపోతే నియోప్రీన్ కోసం అంత ఆరాటం ఉండేది కాదు. మలయా పడిపోకపోతే కృత్రిమ రబ్బరుకి అంత పెద్ద పరిశ్రమ అంత త్వరగా లేచేది కాదు. మొదటి మలుపు తర్వాత తోటల మనుషులు కూలి పోగొట్టుకున్నారు, రెండో మలుపులో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక వస్తువు చరిత్రని కనిపెట్టినవాళ్ళ జాబితాగా రాస్తే, దాని ఖర్చు కట్టినవాళ్ళు అందులో కనిపించరు.

ఇప్పుడు మళ్ళీ కొట్టులోకి. ఈ మధ్య కొన్ని వెట్‌సూట్‌ల మీద ‘చెట్టు రబ్బరు’ అని కనిపిస్తోంది. పటగోనియా కంపెనీ 2016లో, యూలెక్స్ సంస్థ శుద్ధి చేసిన రబ్బరుతో, నియోప్రీన్ లేని చొక్కాలు తెచ్చింది. అందులో 85 శాతం చెట్టు రబ్బరు. అలర్జీ తెచ్చే మాంసకృత్తులు తీసేసి, ఎండకి తట్టుకునేలా మిగతాది కలిపారు. ఆ చెట్లు గ్వాటెమాలావి. అంటే అమెజాన్ గింజ ప్రపంచం చుట్టి, దాని చోటు కొట్టేసిన పదార్థం చోటే తిరిగి అడుగుతోంది. మరికొన్నింటి మీద ‘సున్నపురాయి నియోప్రీన్’ అని రాసుంటుంది. ఇది కొత్త సంగతి కాదు. సున్నపురాయి నుంచి కార్బైడు, కార్బైడు నుంచి ఎసిటలీన్, దాన్నుంచి నియోప్రీన్. న్యూలండ్ కాలం నాటి దారే అది. పెట్రోలు దారి తర్వాత వచ్చింది. ఏ దారిన వెళ్ళినా మధ్యలో క్లోరోప్రీన్ అనే రసాయనం ఉంటుంది. అది మనుషుల్లో క్యాన్సరు తెచ్చే అవకాశం ఉందని అమెరికా పర్యావరణ సంస్థ 2010లో తేల్చింది. ఆ దేశంలో దాన్ని తయారుచేసే ఒకే ఒక కర్మాగారం లూసియానాలో లాప్లేస్ దగ్గర ఉండేది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎక్కువగా నల్లజాతివాళ్ళు. ఏళ్ళ తరబడి వాళ్ళు గొడవ పడ్డాక, నష్టాలు చూపించి 2025లో యజమానులు ఉత్పత్తి ఆపేశారు.

సుంగై సిపుట్ చుట్టూ ఇప్పుడు చాలా నేల రబ్బరు నుంచి నూనె తాటికి మారింది. ప్రపంచపు ఆసుపత్రులకి చేతి తొడుగులు అమ్మే మలేసియా, వాటిలో ఎక్కువ భాగం కృత్రిమ రబ్బరుతోనే చేస్తోంది.

నా సలహా అడిగితే ఇదీ వరస. ముందు నీళ్ళెంత చల్లన, అన్నది కనుక్కోండి. దానికి తగ్గ మందం, ఒంటికి పట్టే సైజు, నీళ్ళు కారని కుట్లు చూడండి. పైన తేలే జాకెట్టు మరవకండి. ఈ నాలుగింట్లో దేన్నీ రబ్బరు కథ కోసం వదులుకోకండి, పిల్లల ప్రాణం ముందు. ఆ నాలుగూ కుదిరినవి రెండు మూడు మిగిలాక, ఈ రబ్బరు ఎక్కడిది, ఎవరు తీశారు అని కొట్టువాణ్ణి అడగండి. అతనికి తెలియకపోవచ్చు. ఆ ప్రశ్న అడగవలసినవాళ్ళలో మనమూ ఉన్నాం. మన పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళు చీకట్లో దీపం పట్టుకుని ఆ చెట్లు గీశారు.